‘బేగి’ వరుస దగ్గర ఆగిన గిట్: మా మాటల ఫైలు డైరీ

రోజు 1

పని చెప్పుకోవడానికి చిన్నదే. శ్రీకాకుళం, విజయనగరం వైపు మాటలు పోగుచేసి, ఏ మాట ఏ ఊళ్లో ఎలా వాడతారో రాసి, ఎవరైనా వెతుక్కునేలా ఒక వెబ్ పేజీలో పెట్టాలి. నలుగురం ఉన్నాం. శ్రీకాకుళంలో నాగావళికి దగ్గర్లో ఉండే రిటైరైన తెలుగు మాస్టారు. రాజాం దగ్గర బడిలో పాఠాలు చెప్పే అప్ప; మాలో ఎవరికీ చుట్టం కాదు గానీ అందరికీ అప్పే, అంటే అక్క. పలాస నుంచి వచ్చి ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడు. విజయనగరం గంటస్తంభం వెనక వీధిలో, ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకునే నేను.

ఇన్నాళ్లూ ఫైలు వాట్సాప్‌లో తిరిగింది. ‘పదాలు’, ‘పదాలు కొత్తది’, ‘పదాలు ఫైనల్’, ‘పదాలు ఫైనల్ మాస్టారు సరిచేసింది’. ఈ చివరిదాంట్లో అప్ప రాసిన అరవై మాటలు లేవు. మాస్టారు తీసెయ్యలేదు. అవి చేరకముందు దిగిన కాపీ మీద ఆయన పనిచేశారు, అంతే. అందుకే ఇవాళ అంతా గిట్‌లోకి మార్చాం. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకుని, అందరి కాపీలనూ కలిపే సాఫ్ట్‌వేర్ అది.

గిట్‌ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ పని కోసం రాసుకున్నాడు. వేలమంది ఒకే కోడు మీద పడే చోటుకి పుట్టిన సరుకు. మేం నలుగురం. ఏటి కష్టం అనుకున్నాం.

మొదటి గంటలోనే ఒక చిన్న చిక్కు. ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టాం కదా, ఏ ఫైళ్లు మారాయో చూపించే ‘గిట్ స్టేటస్’ కమాండ్ కొడితే పేర్ల బదులు వెనక్కి వాలిన గీతలు, అంకెలు వరసగా వచ్చాయి. అక్షరాలని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటీ 3 బైట్లు పడుతుంది. ఆ బైట్లనే గిట్ విడివిడిగా అంకెల్లో చూపిస్తోంది. కోర్ కోట్‌పాత్ అనే సెట్టింగు ఫాల్స్ చేస్తే పేర్లు మామూలుగా కనబడ్డాయి. తెలుగు ఫైలు పేర్లు పెట్టేవాళ్లు ఇది మొదటే చేసుకోండి.

రోజు 4

మొదటి కాన్ఫ్లిక్ట్, అంటే రెండు మార్పులు ఢీకొనడం. పొద్దున్నే మాస్టారి ఫోను.

“బాబూ, నా ఫైల్లోకి బాణాలొచ్చేశాయి. వైరస్సేటి?”

వైరస్ కాదు. ‘బేగి’ అన్న మాట దగ్గర ఆయనా నేనూ ఒకే వరుస మార్చాం. ఆయన పుల్ కొట్టి అందరి మార్పులూ దించుకునేసరికి గిట్ ఆ వరుస దగ్గర ఆగింది. పైన ఎడమకి తిరిగిన బాణాలు ఏడు, మధ్యలో సమాన గుర్తులు ఏడు, కింద కుడికి తిరిగిన బాణాలు ఏడు పెట్టి, రెండు రూపాలూ ఫైల్లోనే రాసి వదిలేసింది. మీరే తేల్చుకోండి అని.

ఆయన వైపుది ఇలా ఉంది:

బేగి, తొందరగా, –

నా వైపుది ఇలా:

బేగి, త్వరగా, బేగి రా

నేను ఫోన్లో ఏం చెయ్యాలో చెప్పేలోపు మాస్టారు బాణాలు మూడు వరుసలూ చెరిపేసి, మాటలు రెండూ ఉంచేసి, సేవ్ చేసి, కమిట్ కూడా కొట్టేశారు, అంటే ఆ మార్పుని గిట్ చరిత్రలోకి ఎక్కించేశారు. ఇప్పుడు ‘బేగి’ రెండుసార్లుంది. ఆయన తప్పేం లేదు, ఫైల్లో రాసి ఉన్నది నిజమే అనుకున్నారు. నేను పదిహేనేళ్లుగా ఆఫీసులో ఇదే పని చేస్తున్నా, ఎప్పుడూ ఎవరికీ తెలుగులో వివరించలేదు. ఇవాళ వివరించబోతే గానీ తెలీలేదు, నాకే సగం నోటికి రాదని.

రాత్రి రాసుకున్నది ఇది. గిట్ కలిపేటప్పుడు రెండు కాపీలు కాదు, మూడు చూస్తుంది. ఆయన కాపీ, నా కాపీ, మా ఇద్దరి దారులూ విడిపోకముందున్న పాత కాపీ. ఒక చోట ఆయన ఒక్కరే మార్చి, నేను పాతదే ఉంచితే ఆయన మార్పు తీసుకుంటుంది. నేనొక్కడినే మారిస్తే నాది. ఇద్దరం ఒకే మార్పు చేసినా పేచీ లేదు. ఇద్దరం ఒకే చోట వేర్వేరుగా మారిస్తేనే ఆగుతుంది. మాస్టారికి పొలం గట్టు లెక్కన చెప్పాను: ఇద్దరూ గట్టు జరిపారు, పాత గట్టు ఎక్కడుందో తెలిస్తే ఎవరెంత జరిపారో తెలుస్తుంది. “మరి ఆ పాత గట్టు నాకు చూపించలేదేం?” అన్నారు.

మంచి ప్రశ్న. మామూలుగా చూపించదు. కలపడాన్ని గిట్‌లో మెర్జ్ అంటారు. మెర్జ్ కాన్ఫ్లిక్ట్‌స్టైల్ అనే సెట్టింగుని డిఫ్3 అని మారిస్తే మధ్యలో పాత వరుస కూడా వస్తుంది, నిలువు గీతలు ఏడింటి కింద. గిట్ 2.35 నుంచి జెడ్‌డిఫ్3 అని ఇంకొకటి ఉంది. రెండు వైపులా ఒకేలా ఉన్న వరుసల్ని బాణాల బయటికి నెట్టేసి కొంచెం శుభ్రంగా చూపిస్తుంది. అందరి కంప్యూటర్లలో అదే పెట్టించాను. పెట్టి మళ్లీ అదే మెర్జ్ చేసి చూస్తే పాత వరుస ఇదీ:

బేగి, త్వరగా, –

అప్పుడు కథ తేలిపోయింది. మాస్టారు అర్థం మార్చారు. నేను అర్థం ముట్టుకోలేదు, వాడుక చేర్చాను. అసలు మా ఇద్దరి మధ్యా తగాదాయే లేదు. “బేగి, తొందరగా, బేగి రా” అని రాస్తే ఇద్దరి పనీ ఉంటుంది. పాతది చూడకుండా ఉంటే ఎవరిదో ఒకరిది కొట్టేసేవాళ్లం.

రోజు 5

నిన్నటిది రాత్రంతా బుర్రలో తిరిగింది. గిట్ వరుసల లెక్కన చూస్తుంది. మేం మాట, అర్థం, వాడుక, ఊరు అన్నీ ఒకే వరుసలో కామాలతో కుక్కాం. ఒకరు అర్థం, ఇంకొకరు వాడుక ముట్టుకున్నా అది ఒకే వరుసే, కాన్ఫ్లిక్టే. కాబట్టి ఒక్కో సంగతికి ఒక్కో వరుస. మాట ఒక వరుస, అర్థం ఒక వరుస, వాడుక ఒక వరుస.

పరీక్షకి నేనే రెండు బ్రాంచీలు (ఒకే పనికి విడివిడి దారులు) చేసి ఒకదాంట్లో అర్థం, రెండోదాంట్లో దాని కిందనున్న వాడుక మార్చాను. మళ్లీ కాన్ఫ్లిక్ట్! పక్కపక్క వరుసలు మారినా గిట్ వాటిని ఒకే చోటుగా లెక్కేస్తుంది. మధ్యలో ముట్టుకోని వరుస ఒకటుండాలి. ప్రతి వరుస తర్వాతా ఒక ఖాళీ వరుస వదిలాం. ఫైలు పొడుగైపోయింది, చూడ్డానికి బోసిగా ఉంది. కానీ కలిసింది.

ఎలాగూ విప్పుతున్నాం కదా అని పెద్ద ఫైలుని కూడా అక్షరానికో ఫైలుగా విడగొట్టాను. ‘అ’ ఒక ఫైలు, ‘క’ ఒక ఫైలు. మాస్టారు ‘అ’లో ఉండగా అప్ప ‘గ’లో ఉంటే ఒకరికొకరు అడ్డం రారు.

రోజు 9

ఇవాళ్టి నాశనం మొత్తం ఎక్సెల్ వల్ల. కాదు, ఎక్సెల్ సంగతి ముందే చెప్పని నా వల్ల.

అప్ప దగ్గర విండోస్ ఉంది. బడి పని అంతా ఎక్సెల్‌లోనే కాబట్టి ఊళ్ల జాబితా ఫైలుని అందులోనే తెరిచారు. ముందు తెలుగు తెలుగులా కనబడలేదు, పిచ్చి గీతలొచ్చాయి. దానికి తమ్ముడు ఏదో చెప్పి సరిచేయించాడు. సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) అని ఎంచుకున్నారు. తెలుగు అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోయాయి. రాజాం, పొందూరు, శ్రీకూర్మం, బొబ్బిలి, అన్నీ ప్రశ్న గుర్తులే. జాబితాలో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని వేరే ఉంటుంది, అది ఎంచుకోవాలి. పాత కమిట్‌లోంచి ఫైలు వెనక్కి తెచ్చుకున్నాం, ఐదు నిమిషాల పని.

దాని తర్వాతది ఇంకా తమాషా. అప్ప ఈసారి నోట్‌ప్యాడ్‌లాంటి ఒక ఎడిటర్‌లో ఒకే ఒక్క ఊరు చేర్చి పంపారు. నాకు ఫైలు మొత్తం కాన్ఫ్లిక్ట్. నూట పద్దెనిమిది వరుసలూ మారాయంటుంది. పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు. కంటికి కనబడని తేడా వరుస చివర ఉంది. విండోస్ వరుస చివర రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒక్కటే. ఆ ఎడిటర్ అన్ని వరుసలకీ రెండోది తగిలించేసింది. గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే ఫైలొకటి ప్రాజెక్టులోనే పెట్టి, టెక్స్ట్ ఫైళ్లన్నిటికీ వరుస చివర ఎల్‌ఎఫ్ (లినక్స్ పెట్టే ఆ ఒక్క గుర్తు) అని రాసి, ఉన్న ఫైళ్లని ఒకసారి దానికి సరిపెట్టే రీనార్మలైజ్ చేశాం. ఎవరి కంప్యూటర్లో ఏ సెట్టింగున్నా ఇదే పనిచేస్తుంది.

అప్ప నొచ్చుకున్నారు. “నాను ముట్టుకుంటే అన్నీ పాడైపోతన్నాయి బాబూ” అన్నారు. నాకు సిగ్గేసింది. ఇదంతా మొదటి రోజే పెట్టాల్సింది నేను.

రోజు 13

విజయనగరంలో పైడితల్లి పండగ. తొలేళ్లు నిన్న, సిరిమాను ఇవాళ. మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసకేస్తే రాలని జనం. ఇంటినిండా చుట్టాలు. పని సున్నా. మా వీధి దాటి బయటికెళ్లడమే కుదరలేదు, ఇక లాప్‌టాప్ ఎవడు తెరుస్తాడు.

రోజు 16

పండక్కి ముందు మొదలెట్టి మెయిన్‌లో (అందరం వాడే అసలు బ్రాంచిలో) కలపకుండా వదిలేసిన బ్రాంచి ఇవాళ తీశాను. ఈలోపు మాస్టారు కూర్చుని ఏకంగా ఐదు ఫైళ్లు దిద్దేశారు. పన్నెండు చోట్ల కాన్ఫ్లిక్ట్. రోజూ కలుపుకుంటే రోజుకి ఒకటో రెండో వచ్చేవి.

చరిత్ర తిన్నగా ఉంటుందని మెర్జ్ బదులు రీబేస్ చేశాను. ఎనిమిది చోట్ల చూసుకుంటూ సరిచేశాను. చివరి నాలుగూ ‘గ’ ఫైల్లోవి, అన్నీ మాస్టారివే సరైనవి. కాబట్టి ఫైలు మొత్తం అవతలివాళ్లది తీసుకో అని ‘థెయిర్స్’ కొట్టి, పుష్ చేసి అందరికీ పంపేశాను.

సాయంత్రం మాస్టారి మెసేజి: “నేను ‘గ’లో రాసినవి కనబడటం లేదు. పనికిరావనుకుంటే చెప్పాల్సింది.”

గుండె జారింది. విషయం ఏమిటంటే, రీబేస్‌లో ‘అవర్స్’, ‘థెయిర్స్’ తిరగబడతాయి. రీబేస్ అంటే నా కమిట్లని పీకి, మెయిన్ కొస మీద ఒక్కోటీ మళ్లీ నాటడం. అప్పుడు కాలికింద ఉన్న నేల మెయిన్, అంటే మాస్టారి పని. గిట్‌కి ‘మనది’ అంటే అదే. బయటినుంచి వచ్చి నాటబడేది నా కమిట్, అదే ‘వాళ్లది’. నేను మాస్టారిది ఉంచాననుకుని నాదే ఉంచాను. ఈ సంగతి నాకు తెలుసు కూడా. ఎవరికో చెప్పాను కూడా ఒకప్పుడు. చేతులు మాత్రం మెర్జ్ అలవాటులో పోయాయి.

పోయిందేం లేదు. మాస్టారి కమిట్ చరిత్రలో అలాగే ఉంది, అందులోంచి ‘గ’ ఫైలు మాత్రం తీసి మళ్లీ పెట్టి, నావి రెండు మాటలు చేత్తో చేర్చాను. నా బ్రాంచి రీబేస్‌కి ముందెలా ఉండేదో రెఫ్‌లాగ్‌లో, అంటే బ్రాంచి కొస ఎప్పుడెక్కడుందో గిట్ రాసుకునే జాబితాలో దొరికింది. గిట్ ఆ జాబితాని మామూలుగా 90 రోజులు దాస్తుంది. బ్రాంచి ఇప్పటి కొసకి అందని కమిట్లవైతే 30 రోజులు. కానీ ఫైలు తిరిగొచ్చినంత తేలిగ్గా మాస్టారి మాట తిరిగి రాలేదు. ఫోన్ చేసి, తప్పు నాదేనని, ఎలా జరిగిందో మొత్తం చెప్పాను. “అదా! నేనింకా నా తెలుగు నచ్చలేదనుకున్నాను” అన్నారు. ఇకమీద మా నలుగురిలో ఎవరూ రీబేస్ చెయ్యరు. మెర్జ్ కమిట్లతో చరిత్ర వంకరగా ఉంటే ఉండనీ.

రోజు 17

రికార్డింగులు. ఊళ్లలో పెద్దవాళ్లు మాట్లాడినవి తమ్ముడు ఫోన్లో తెస్తాడు. ఒకే ఆడియో ఫైల్లో వాడు గాలి చప్పుడు తగ్గించాడు, నేను ముందూ వెనకా కత్తిరించాను. ఇలాంటి ఫైళ్లలో వరుసలుండవు, గిట్ కలపలేదు. ఇదో అదో ఎంచుకోమంటుంది, ఒకరి పని పోవాల్సిందే.

దీనికి తాళం పద్ధతే నయం. 1982లో వాల్టర్ టిషీ చేసిన ఆర్‌సీఎస్ అనే, ఇలాంటి పనికే పుట్టిన పాత సాఫ్ట్‌వేర్ కాలంలో టెక్స్ట్‌కీ తాళమే. ఒకరు ఫైలు తీసుకుంటే మిగతావాళ్లు ఆగాలి, లైబ్రరీ పుస్తకంలాగ. గిట్‌లాంటి పనే చేసే సబ్‌వెర్షన్‌లో లాక్ ఇప్పటికీ ఉంది, గిట్‌కి పెద్ద ఫైళ్ల కోసం ఉన్న ఎల్‌ఎఫ్‌ఎస్ తగిలించుకుంటే అందులోనూ ఉంది. మా నలుగురికి అంత హంగామా ఎందుకని ఊరుకున్నాం. అసలు రికార్డింగు ఎవరూ ముట్టుకోరు. దిద్దినవాడు పక్కన కొత్త పేరుతో పెడతాడు. పలాస–విశాఖ పాసింజర్‌లో కూర్చుని నెట్ లేకుండానే తమ్ముడు కమిట్లు కొట్టేస్తుంటాడు. అక్కడ తాళం అడగడానికి సర్వర్ ఏదీ?

రోజు 19

ఏ సెట్టింగూ తీర్చలేని కాన్ఫ్లిక్ట్ ఇవాళ వచ్చింది. మాట ‘గుంట’.

మాస్టారు: పిల్ల, పిల్లాడు, ముద్దుగా అనేది.

అప్ప: పిల్ల, పిల్లాడు, కోపంలో తిట్టేటప్పుడు అనేది.

పాత వరుసలో ఉన్నది ‘చిన్నపిల్ల’ అని ఒక్కటే. బాణాల మధ్య మూడూ చూస్తూ కూర్చున్నాను. ఇద్దరూ ఒకే సంగతి మార్చారు, ఇద్దరూ తెలిసే మార్చారు. నేను మా అమ్మ నోట రెండూ విన్నాను, ఒక్కోసారి ఒకే వాక్యంలో.

ముగ్గురం ఫోన్లో కూర్చున్నాం. నలభై నిమిషాలు. మాస్టారు “మా గుంటలొచ్చారు అంటే తిట్టా అమ్మా?” అన్నారు. అప్ప “బళ్లో మా పిల్లల్నడగండి మాస్టారూ, ఓ గుంటా అని పిలిస్తే ఎలగ ముడుచుకుపోతారో” అన్నారు. చివరికి అర్థం ఒక్కటే ఉంచి, వాడుకలు రెండు రాశాం. ఒకటి ముద్దుకి, ఒకటి కోపానికి, ఏది ఏ ఊళ్లో విన్నామో పక్కన. ఇన్ని రోజుల్లో పేజీలో బాగా కుదిరిన మాట ఇదేనని నా ఉద్దేశం. గిట్ ఆగకపోతే ఈ ఫోను జరిగేదే కాదు.

రోజు 20

కాన్ఫ్లిక్టులు ఎక్కువైపోతున్నాయని తమ్ముడికి ఒక ఐడియా వచ్చింది. గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో మెర్జ్ యూనియన్ అని రాస్తే గిట్ అడగకుండా రెండు వైపుల వరుసలూ ఉంచేస్తుంది. మాటలు చెప్పినవాళ్ల పేర్ల జాబితాకి బాగుంది, అక్కడ ఎవరు చేర్చినా చేరినట్టే. వాడు ‘క’ ఫైలుకి కూడా పెట్టేశాడు. గంటలో ఒకే మాటకి అర్థాలు రెండేసి, ఒకదానికింద ఒకటి. తీసేశాం. బాణాలు పెట్టకుండా మాస్టారు రోజు 4న చేసిందే ఇది.

రోజు 24

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇది. కాన్ఫ్లిక్ట్ ఒక్కటి కూడా రాలేదు, అదే దెబ్బ.

సంగతేంటంటే, మాస్టారి నోటుపుస్తకం పాతది. అందులో రాజాం శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాక రాజాం విజయనగరంలోకొచ్చింది. పాలకొండేమో పార్వతీపురం మన్యం జిల్లాలోకెళ్లింది. ఊళ్ల ఫైల్లో ఊరికో కోడు ఉంటుంది, రాజాంది ‘శ్రీ-07’. నేను దాన్ని ‘వి-12’ చేసి, పాలకొండనీ అలాగే మార్చి, ఉన్న మాటలన్నిట్లోనూ కొత్త కోడ్లు పెట్టాను. అదే రెండు రోజుల్లో తమ్ముడు తన బ్రాంచిలో రాజాం, పాలకొండ మాటలు ఇరవైమూడు చేర్చాడు. పాత కోడ్లతో. వాడికి నా మార్పు అప్పటికి అందలేదు.

వాడు చేర్చినవి కొత్త వరుసలు. నేను మార్చినవి పాత వరుసలు. మధ్యలో ముట్టుకోని వరుసలు బోలెడు. గిట్ హాయిగా కలిపేసింది. దాని లెక్కలో అంతా సవ్యం. కానీ ‘శ్రీ-07’ అన్న కోడు ఇప్పుడు ఎక్కడా లేదు. నా వెబ్ పేజీ కోడులో, ఊరు దొరక్కపోతే జాబితాలో మొదటి జిల్లా చూపించు అని ఎప్పుడో బద్ధకించి రాశాను. మొదటి జిల్లా శ్రీకాకుళం.

మూడు రోజులు ఎవరం చూసుకోలేదు. ఇవాళ అప్ప ఫోన్: “ఏటి బాబూ, మా రాజాంని మళ్లీ శ్రీకాకుళంలో కలిపేశారేటి?”

బాణాలు కనబడితే కనీసం తెలుస్తుంది. ఇది గుట్టుగా కలిసిపోయింది. ఇక్కడ గిట్‌ని అనడానికి లేదు. వరుసలు కలపడమే దాని పని, ‘శ్రీ-07’ అంటే ఏమిటో దానికెలా తెలుస్తుంది. చూసుకోవాల్సింది మేం. సాయంత్రం కూర్చుని చిన్న తనిఖీ స్క్రిప్టు రాశాను. ప్రతి మాటలో ఉన్న ఊరి కోడు ఊళ్ల ఫైల్లో ఉందా, ఒకే మాట రెండుసార్లు ఉందా, ప్రశ్న గుర్తులు వరసగా ఉన్నాయా చూస్తుంది. ఎక్కడైనా మరిచిపోయిన బాణాలుంటే పట్టుకోవడానికి గిట్ డిఫ్‌కే చెక్ అని ఒక ఆప్షన్ ఉంది, దాన్నీ అందులోకే చేర్చాను. మెర్జ్ అయిన ప్రతిసారీ ఇది నడుస్తుంది. వెబ్ పేజీలో ఆ బద్ధకపు వరుస తీసేసి, ఊరు దొరక్కపోతే ఎర్రగా ‘ఊరు తెలీదు’ అని రాయించాను. మొదటిసారి నడిపితే ఇరవైమూడు కాదు, ఇరవైఆరు వచ్చాయి. ఆ మూడూ నావే.

రోజు 27

ఇవాళ పుల్ చేస్తే మాస్టారి కమిట్ ఒకటొచ్చింది. ‘గ’ ఫైల్లో, మళ్లీ ‘గుంట’ దగ్గర. నిన్న అప్పా ఆయనా ఇద్దరూ వాడుక మార్చారట, కాన్ఫ్లిక్ట్ వచ్చిందట. నాకు ఫోన్ రాలేదు. ఫైలు తెరిచి చూశాను: బాణాలు లేవు, మాట ఒక్కసారే ఉంది, తనిఖీ దాటింది. కమిట్ కింద ఆయన రాసిన మెసేజి ఇది:

“బాణాలు తీసేశాను. పాతది చూశాను. అప్పది ఉంచాను, నాది తీసేశాను. ఆదివారం రాజాం బస్సెక్కి ఇంకోసారి అడిగొస్తాను.”